డిసెంబరు పిల్లల గోడు

సంపాదకుడి గారికి,

మా పర్లాకిమిడిలో ఐస్ అంటే పుల్ల ఐసే. అయినా మా అబ్బాయి పుణ్యమా అని ఫోన్లో ఐస్ హాకీ చూడటం అలవాటైంది. అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద లీగ్‌లో, పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాళ్లను జట్లు ఏటా వరసగా ఎంచుకుంటాయి. 1993లో మొదటి పిలుపు అలెగ్జాండ్ర్ డేగ్‌ది. అనుకున్నంత ఎదగలేదు. 1998లో పావెల్ దాత్స్యుక్‌ది 171వ స్థానం. తర్వాత డెట్రాయిట్ జట్టు తరఫున ఆ లీగ్ ట్రోఫీ, స్టాన్లీ కప్పు, రెండుసార్లు గెలిచాడు! చిన్నప్పుడే అంచనా కట్టడం అంత తేలిక కాదన్నమాట.

పైగా కెనడాలో పిల్లల ఐస్ హాకీకి వయసు లెక్క జనవరి 1 నుంచి. జనవరి పిల్లవాడికీ డిసెంబరు పిల్లవాడికీ దాదాపు ఏడాది తేడా ఉన్నా ఇద్దరూ ఒకే గ్రూపు. సహజంగానే ఒళ్లు పెరిగినవాడు కోచ్ కంట్లో పడతాడు. ఏడాది మొదట్లో పుట్టినవాళ్లే అక్కడి జట్లలో ఎక్కువగా కనిపిస్తారు.

మావాడు డిసెంబరులో పుట్టాడు. మొన్న హాకీ సెలెక్షన్లలో వాడి పక్కన నిలబెట్టిన కుర్రాడికి మీసాలొచ్చాయి. ఇక పోలికేముంది? 2018 నుంచి దేశం హాకీ జట్లకు మన ఒడిశాయే స్పాన్సర్ కదా, ఎంపికలో పుట్టిన నెల కూడా రాసుకోవాలి, తీసేసిన పిల్లల్ని ఏడాదికి మళ్లీ పిలవాలి.

మావాడు స్టిక్ మాత్రం వదల్లేదు. పెరటి గోడ సున్నమంతా రాలగొట్టేశాడు.

— ఒక తండ్రి, పర్లాకిమిడి, గజపతి జిల్లా