నిర్ధారణ అడిగితే సరిపోదు

గౌరవనీయులైన సంపాదకులకు,

బిల్లు కట్టాలన్నా, దరఖాస్తు పెట్టాలన్నా తెర ముందే కూర్చోవలసి వస్తున్న ఈ రోజుల్లో, ఆ తెరల డిజైన్ గురించిన చర్చ రంగులూ బొమ్మల దగ్గరే ఆగిపోతోంది. వాడేవారు పొరబడినప్పుడు యాప్ ఎలా ప్రవర్తిస్తుందన్నదే దానికి అసలు పరీక్ష అని నా అభిప్రాయం.

పెద్ద ఫారం నింపి ‘సమర్పించు’ నొక్కగానే పైన ఎర్రగా ‘చెల్లని సమాచారం’ అని వస్తుంది. ఏ గడిలో ఏది చెల్లలేదో మాత్రం చెప్పదు. వెతగ్గా వెతగ్గా, ఫోన్ నంబరు అంకెల మధ్య ఒక ఖాళీ పడిందని తేలుతుంది. ఆ ఖాళీని ప్రోగ్రామే తీసేసుకోవచ్చు, అదేమంత పెద్ద పని కాదు. ఈలోగా జతచేసిన ఫోటో, పాస్‌వర్డ్ చెరిగిపోయి ఉంటాయి. పొరపాటును మామూలు మాటల్లో చెప్పాలనీ, ఎక్కడుందో చూపాలనీ, దిద్దుకునే దారి సూచించాలనీ తెరల వాడుక సౌలభ్యంపై పనిచేసిన నిపుణుడు జేకబ్ నీల్సన్ 1994లో కూర్చిన పది డిజైన్ సూత్రాల్లోనే ఉంది. ఒకసారి ఇచ్చిన వివరాన్ని అదే పనిలో అకారణంగా మళ్లీ అడగరాదని వికలాంగులతో సహా అందరూ వెబ్‌ను వాడుకోగలిగేలా రూపొందించిన, 2023లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం చెబుతోంది. అయినా పట్టించుకునేవారు తక్కువ.

పొరపాట్లను ఆపడానికని చాలామంది డిజైనర్లు పెట్టేది ‘మీరు నిశ్చయించుకున్నారా?’ అనే పెట్టె. అయినదానికీ కానిదానికీ ఇదే ప్రశ్న వేస్తే, చదవకుండానే ‘అవును’ నొక్కడం అలవాటైపోతుంది. 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి దాడి జరగబోతోందన్న తప్పుడు హెచ్చరిక జనం ఫోన్లకు చేరింది. పంపేది పరీక్ష సందేశమైనా, అసలు హెచ్చరికైనా ఆ వ్యవస్థ నిర్ధారణ ప్రశ్నను ఒకే మాటల్లో అడిగేదని అమెరికాలో సమాచార ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ జరిపిన విచారణలో తేలింది. దాడి నిజమేననుకున్నానని ఆ హెచ్చరిక పంపిన ఉద్యోగి చెప్పారు కాబట్టి నెపమంతా తెర మీదికి నెట్టలేం. కానీ వెనక్కి తీసుకునే సందేశమేదీ సిద్ధంగా లేకపోవడం కూడా తోడై, సవరణ జనానికి చేరేసరికి 38 నిమిషాలు పట్టింది.

అందుకే అడగడం కన్నా, చేసిన పనిని వెనక్కి తిప్పుకోనివ్వడం మేలు. తొలగించిన మెయిల్‌ను కొద్దిసేపు ‘రద్దు చేయి’ బటన్‌తో తిరిగి తెచ్చుకోగలిగితే, ముందుగా ఏ ప్రశ్నా అక్కర్లేదు. డబ్బు పంపడం వంటి, మళ్లీ వెనక్కి రాని పనులకే నిర్ధారణ ఉంచాలి. అక్కడ కూడా బటన్ మీద ఉత్త ‘అవును’ కాక, ఎంత సొమ్ము ఎవరికి వెళ్తోందో రాసి ఉండాలి. తప్పు పడిన గడికి ఎర్ర అంచు మాత్రమే గీసి వదిలేస్తే, ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివారి కంట అది పడకపోవచ్చు. పక్కనే మాటల్లోనూ చెప్పాలి. ‘సేవ్’ను ఆనుకునే ‘తొలగించు’ను పెట్టేవారి గురించి ఇక చెప్పనే అక్కర్లేదు.

కొత్త యాప్‌ల మీద సమీక్షలు ప్రచురించేటప్పుడు, కావాలనే ఒక అంకె తప్పు వేసి, సగంలో వెనక్కి వచ్చి, నెట్ ఆపి చూసి, నింపిన వివరాలు నిలిచాయో లేదో కూడా రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు