సున్నపు మరమ్మతు మీద ఆ 20 శాతం ఎందుకు? బ్రైటన్ పాత ఇళ్ల గురించి బ్రిటన్ ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి,

బ్రైటన్, హోవ్ సముద్రతీరంలోని రెండు వందల ఏళ్ల నాటి ఇళ్ల మరమ్మతు పనులు చూసేవాళ్లం రాస్తున్న లేఖ ఇది. ఇక్కడ ఫ్లాట్లు కొనుక్కునే తెలుగువాళ్లకు కూడా తమ గోడలో ఏముందో తెలియాలని తెలుగులో రాస్తున్నాం. అడిగేది ఒకటే. చారిత్రక కట్టడాలుగా నమోదైన ఇళ్ల మరమ్మతు మీద వ్యాట్‌ను 20 శాతం నుంచి 5 శాతానికి తగ్గించండి.

బ్రన్స్‌విక్ స్క్వేర్, ససెక్స్ స్క్వేర్, లూయిస్ క్రెసెంట్ దూరం నుంచి రాతి మేడల్లా ఉంటాయి. 1820లలో అమోన్ వైల్డ్స్, ఆయన కొడుకు అమోన్ హెన్రీ వైల్డ్స్, చార్లెస్ బస్బీ రూపం ఇచ్చిన వరసలివి. తండ్రీకొడుకులు తమ పేరు అమోన్‌కు గుర్తుగా కొన్ని స్తంభాల తలల మీద అమ్మొనైట్ అనే పాతకాలపు సముద్రజీవి శిలాజపు చుట్టలు కూడా పెట్టారు. పైన కనిపించేదంతా గచ్చు, అంటే గోడ మీది పూత. దాని వెనక చాలా ఇళ్లలో ఉన్నది బంగరూష్ అని ఇక్కడివాళ్లు పిలిచే గోడ. రెండు వైపులా పలకలు నిలబెట్టి, మధ్యలో చెకుముకి రాళ్లు, గుండ్రాళ్లు, విరిగిన ఇటుకలు, సుద్ద ముక్కలు, ఏది దొరికితే అది వేసి సున్నం, ఇసుక కలిపిన మాలు పోసేవారు. అక్కడక్కడా ఇటుక వరసలు, చెక్క దుంగలు కట్టుగా పెట్టేవారు.

ఈ గోడకు కొంచెం చెమ్మ ఉండాలి. పూర్తిగా ఎండితే పొడై రాలుతుంది, నానితే మాలులోని సున్నం కరిగి రాళ్లు వదులవుతాయి. పైపుతో నీళ్లు కొడితే బ్రైటన్‌లో సగం కూలిపోతుందని ఊళ్లో ఒక మాట ఉంది. అతిశయమే అయినా, అందులో హెచ్చరిక నిజం.

అసలు చేటు సిమెంటుతో వస్తుంది. సున్నం ఖరీదని, ఆలస్యమని పాత గచ్చు కొట్టేసి సిమెంటు పూస్తారు. అది గట్టిది, గోడ మెత్తనిది. గోడ కదిలినప్పుడు పూతలో వెంట్రుకవాసి బీటలు వస్తాయి. సముద్రపు గాలి తోసిన వాన వాటిలోంచి లోపలికి దిగుతుంది, బయటికి పోయే దారి మాత్రం ఉండదు. లోపలి చెక్క కట్లు కుళ్లుతాయి, గోడ బయటికి ఉబ్బుతుంది. అప్పుడు ఎవరో వచ్చి, చెమ్మ ఆపే మందు ఎక్కిస్తామని గోడ అడుగున వరసగా రంధ్రాలు పెడతారు. ఇటుక గోడలో సరే. బంగరూష్‌లో ఆ మందు రాళ్ల మధ్య ఖాళీల్లోకి జారిపోతుంది, డ్రిల్ అదురుకు ఉన్న పట్టు కూడా సడలుతుంది.

సరైన పని నెమ్మదైనది. సిమెంటు పూతను పెద్ద యంత్రాలతో కాక ఉలీ సుత్తీతో ఒలవాలి. గోడను ఆరనివ్వాలి. అంగుళానికి నెల అన్నది స్థూలమైన లెక్క, అంటే అడుగున్నర గోడకు ఏడాది దాటుతుంది. వదులైన చోట్ల కొద్దికొద్దిగా మాత్రమే తీసి కట్టాలి, ఒకేసారి పెద్ద భాగం విప్పితే పైనున్నది దిగుతుంది. ముందు గోడ పక్క గోడల నుంచి విడిపోతుంటే తుప్పు పట్టని స్టీలు కడ్డీలతో కట్టాలి. ఆపైన నీటిలో గట్టిపడే రకం సున్నం ఒక పాలు, గరుకైన ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు కలిపి మూడు పూతలు వేయాలి. ఒక్కో పూత అర అంగుళం దాటకూడదు. పూతకూ పూతకూ మధ్య రోజుల తరబడి తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే పని ఆపేయాలి, లేకపోతే మంచుకు పూత పొరలుగా లేస్తుంది. డంగు సున్నంతో పనిచేసిన మన మేస్త్రీలకు ఈ ఓపిక కొత్త కాదు.

ఇప్పుడు మీ పన్ను చూడండి. కొత్త ఇల్లు కడితే వ్యాట్ లేదు. నమోదైన ఇళ్లలో అనుమతి పొందిన మార్పులకు ఉన్న మినహాయింపును 2012 అక్టోబరు 1 నుంచి ఎత్తేశారు, మరమ్మతుకు అది అంతకుముందూ లేదు. పై పనికి 60,000 పౌండ్లు అయితే 12,000 పౌండ్లు పన్ను. అదే గోడకు లోపలి వైపు ఇన్సులేషన్ నురగ పలకలు బిగిస్తే, 2027 మార్చి 31 వరకు ఇంధన పొదుపు పని కింద పన్నే లేదు. ఆ పలక బంగరూష్‌లో చెమ్మను బంధిస్తుంది. గోడకు హాని చేసేదానికి రాయితీ, గోడను నిలిపేదానికి పూర్తి పన్ను! ఇల్లు రెండేళ్లు ఖాళీగా పెడితే మాత్రం దాన్ని బాగుచేయడానికి 5 శాతమే. మనుషులు కాపురం ఉంటూ చూసుకుంటున్న ఇంటికే ఎక్కువ పన్నా?

హోవ్‌లో ఇంకో చిక్కు. బ్రన్స్‌విక్ స్క్వేర్ ముఖభాగాలకు ఐదేళ్లకోసారి మీగడ రంగు వేయాలని 1976 నాటి హోవ్ బరో కౌన్సిల్ చట్టం చెబుతుంది. ఊరి అందానికి అది మంచిదే. ప్రభుత్వమే చట్టం చేసి తప్పనిసరి చేసిన పని మీద మళ్లీ 20 శాతం వసూలు చేయడం మాత్రం న్యాయం కాదు.

ఇది బంగరూష్‌తో ఆగదు. 1798లో కట్టడం మొదలైన రాయల్ క్రెసెంట్ అనే ఇళ్ల వరస ముఖానికి నల్లగా మెరిసే, ఇటుకల్లా కనిపించే పెంకులున్నాయి. ఇలాంటివి సాధారణంగా చెక్క పట్టీలకు మేకులతో బిగిస్తారు. ఉప్పు గాలికి మేకులు తుప్పు పట్టి పెంకులు జారతాయి. 1935లో వాస్తుశిల్పి వెల్స్ కోట్స్ కట్టిన ఎంబసీ కోర్ట్ అనే ఫ్లాట్ల భవనంలో అదే ఉప్పు కాంక్రీటులోకి దిగి ఇనుమును తినేసింది.

5 శాతం కష్టమేమీ కాదు, సొంత పాలన ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో ఇళ్ల మరమ్మతుకు ఆ రేటే ఉంది. దుర్వినియోగం అవుతుందనుకుంటే షరతులు పెట్టండి: పాత పదార్థంతోనే మరమ్మతు, పనికి ముందూ తర్వాతా ఫోటోలు, కౌన్సిల్‌లో చారిత్రక కట్టడాలు చూసే అధికారి ఒక పేజీ ధ్రువపత్రం. పాత తీరులోనే చేసే మరమ్మతుకు సాధారణంగా విడిగా అనుమతి అక్కర్లేదు కాబట్టి ఈ ధ్రువపత్రం తప్పనిసరి చేయాలి. నగదు ఇస్తే బిల్లు వద్దనే బేరాలు కూడా దీంతో తగ్గుతాయి.

ఇన్సులేషన్ రాయితీ గడువు 2027 మార్చిలో తీరుతుంది. దాన్ని మళ్లీ పరిశీలించే బడ్జెట్‌లోనే సున్నపు మరమ్మతును కూడా చేర్చండి. గాలి ఆడని పలకలను బంగరూష్, చెకుముకి గోడలకు ఇచ్చే రాయితీ నుంచి తప్పించండి.

ఇట్లు,
బ్రైటన్, హోవ్ పాత ఇళ్ల మరమ్మతు పనివారు