హార్మోనియం తగ్గించు, బుజ్జమ్మా

కడప,
ఆదివారం

బుజ్జమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాము. మీ అమ్మ మోకాలు కొంచెం నయం. ఎండలు అప్పుడే ముదిరినాయి, మేడ మీద తొట్టిలో నీళ్ళు మధ్యాహ్నానికే కాగిపోతున్నాయి. నీ ఫోను వచ్చి ఇరవై మూడు రోజులైంది. పనిలో ఉంటావులే అని నేనూ చేయలేదు.

మొన్న చిట్టత్త వచ్చింది. నువ్వు గొంతూ వాయిద్యాలూ సమంగా కలిపి మిక్సింగ్ చేసిన పాట, చేయించుకున్నవాళ్ళకు నచ్చక ఇంకొకరికి ఇచ్చారంట. నీ చెవి మీద నీకే నమ్మకం పోయి, బ్యాంకు కోచింగ్ గురించి అడుగుతున్నావంట. నేను దాని కోసం రాయడం లేదు. చెనిక్కాయల పొడి పంపిస్తున్నానని చెప్దామని రాస్తున్నా. తడి చెంచా ముంచొద్దు, బూజు పడుతుంది.

ఆ పాట పూర్తిగా పక్కన పెట్టేశావా?

1994లో మైదుకూరు దగ్గర ఒక పల్లెలో పద్యనాటకానికి మైకు సెట్టు కట్టాను. రెండు హారన్లు, మూడు మైకులు. పద్యం ఎత్తుకోగానే వెనకనుంచి "వినపడలా" అని కేకలు. గొంతు మైకు పెంచాను. తనది వినపడలేదని హార్మోనియం ఆయన సైగ చేస్తే అదీ పెంచాను. తర్వాత తబలా. పెంచీ పెంచీ చివరికి మైకు కూత పెట్టింది. జనం లేచి నిలబడ్డారు, నాకు చేతులు వణికాయి. అప్పుడు మస్తాన్ వాళ్ళ నాయన వచ్చి, గొంతు మైకును కూత ఆగేదాకా వెనక్కి తెచ్చి, హార్మోనియం నాబ్‌ను సగానికి దించాడు. దించి, అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. ఇంకేమీ ముట్టుకోలేదు. పద్యం అక్షరమక్షరం చెరువుకట్ట దాకా వినపడింది. తెల్లారేదాకా నా చూపు ఆ గీత మీదే.

సంక్రాంతికి నువ్వు ల్యాప్‌టాప్‌లో చూపించిందీ అదే కదా. గొంతూ గిటారూ ఒకే ఫ్రీక్వెన్సీలో కొట్టుకుంటున్నాయని, గిటారులో ఆ చోట నాలుగు డెసిబుల్స్ తగ్గించావు. మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టు వినపడింది నాకు. ఆ చెవి రెండు నెలల్లో ఎక్కడికి పోతుంది?

హెడ్‌ఫోన్స్ సౌండ్ తగ్గించుకో. 85 డెసిబుల్స్ అయితే రోజుకు ఎనిమిది గంటలు, 88 అయితే నాలుగు, 91 అయితే రెండే అని లెక్క చెప్పింది నువ్వే. గట్టిగా పెడితే బేస్ నిండుగా వినపడి మోసపోతామనీ నువ్వే చెప్పావు. రాత్రి రెండింటిదాకా కూర్చుని చేసింది అప్పుడే పంపొద్దు. పడుకో. పొద్దున తక్కువ సౌండులో విను. బాగా కుదిరిన పాట ఒకటి పక్కన పెట్టుకుని, రెండింటి సౌండూ సమానం చేసి పోల్చుకో. ఎడమా కుడీ ఒకటిగా కలిపేసి మోనోలో కూడా ఒకసారి విను, మన తిరునాళ్ళ హారన్లకు ఎడమా కుడీ ఉండవు. చెవిలో పుల్లలు పెట్టొద్దు. వేళకు తిను.

కోచింగ్‌కే పోవాలనుకుంటే ఫీజు నేను కడతాను. ఒక్క పాట వద్దన్నారని మాత్రం పోవద్దు.

ఆ పాట నాకు పంపు. మస్తాన్ ఆటోలో ఒకసారి, ఇంట్లో పాత స్పీకర్‌లో ఒకసారి వింటాను. ఏ పదం వినపడలేదో నోటుబుక్కులో రాసిపెడతాను. పొడి డబ్బా శుక్రవారం బస్సుకు వేస్తాను. అందగానే ఫోన్ చెయ్, ఎంత రాత్రైనా సరే.

నాన్న