హిస్టమిన్ గురించి హారికకు

చెన్నై, టి.నగర్

చి.ల.సౌ. హారికకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మారతహళ్ళిలో మీ పీజీ పక్క ఖాళీ స్థలం నిండా వయ్యారిభామ పెరిగిందనీ, పొద్దున లేస్తే వరస తుమ్ములనీ, పక్క గది అమ్మాయి ఇచ్చిన క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర వేసుకుంటే తుమ్ములు తగ్గినా మీటింగు మధ్యలో కునుకు పట్టిందనీ నిన్న ఫోనులో చెప్పావు. "ముక్కుకు వేసుకున్న మందు నిద్రెందుకు తెస్తుంది నాన్నా?" అని నువ్వడిగినప్పుడు షాపులో జనం ఉండడంతో సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. నీ తుమ్ముల వెనుక ఉన్నది హిస్టమిన్ అనే రసాయనం, నువ్వు వేసుకున్న మాత్ర దాని పనిని అడ్డుకునేది.

అందరూ అనుకునేట్టు హిస్టమిన్ బయటి నుంచి వచ్చే విషం కాదమ్మా. మనం తినే పప్పులోనూ గుడ్డులోనూ ఉండే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరమే దాన్ని తయారుచేసుకుని, చర్మంలోనూ ముక్కు లోపలి పొరలోనూ ఊపిరితిత్తుల్లోనూ ఉండే మాస్ట్ కణాలు అనే రక్షక కణాలలో రేణువులుగా దాచుకుంటుంది. హెన్రీ డేల్, లెయిడ్‌లా అనే శాస్త్రవేత్తలు 1910లోనే దాని ప్రభావాలను వివరించినా, అది మన కణజాలంలో సహజంగానే ఉంటుందని డేల్ బృందం రుజువు చేసింది 1927లో.

నీకు ఆరేళ్ళప్పుడు మేడ మీద ఎర్రచీమ కుట్టింది, గుర్తుందా? మీ నాయనమ్మ సున్నం తెచ్చేలోగా కుట్టిన చోట ముందు ఎర్రచుక్క లేచింది, దాని చుట్టూ ఎరుపు పాకింది, ఆపైన మధ్యలో పాలిపోయిన దద్దు ఉబ్బింది. సన్నని రక్తనాళాలు వెడల్పవడం వల్ల ఆ ఎరుపు, వాటి గోడలు వదులై ద్రవం బయటికి ఊరడం వల్ల ఆ ఉబ్బు, నరాల కొసలు రేగడం వల్ల ఆ దురద వచ్చాయి. గాయం దగ్గరికి రక్షక కణాలు సులువుగా చేరేందుకు హిస్టమిన్ తెరిచే దారి అది. ఏ హానీ చేయని పుప్పొడిని శత్రువుగా పొరబడి శరీరం అదే దారి తెరిచినప్పుడే దాన్ని ఎలర్జీ అంటున్నాం.

కడుపులో దాని పని వేరు. జఠర గోడలోని కొన్ని కణాలు వదిలే హిస్టమిన్ అందుకుని పక్క కణాలు ఆమ్లం స్రవిస్తాయి. హిస్టమిన్ వచ్చి తగులుకునే తలుపులాంటి చోటును గ్రాహకం అంటారు. కడుపులోని గ్రాహకం హెచ్2, ముక్కులోనూ చర్మంలోనూ ఉన్నది హెచ్1. మీ తాతయ్యకు అల్సర్ అని కడుపు కోయవలసి వచ్చిన రోజుల్లో హెచ్2ను మూసే మందే లేదు. జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టిన అలాంటి మందు సిమెటిడిన్ 1976లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చాక ఎన్నో ఆపరేషన్లు తప్పాయి. ఆయనకు 1988లో నోబెల్ బహుమతిలో భాగం దక్కినప్పుడు ఆ వార్తను మీ తాతయ్యకు చదివి వినిపించాను.

ఇక నీ ప్రశ్న. మెదడులో హైపోథలామస్ అనే చోట వెనుక భాగాన ఉన్న ఒక చిన్న నాడీకణాల గుంపు, మనం మెలకువగా ఉన్నంతసేపూ హిస్టమిన్ విడుదల చేస్తూ మనల్ని జాగృతంగా ఉంచుతుంది. నిద్రపోగానే ఆ కణాలు మౌనం వహిస్తాయి. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత మందులు రక్తం నుంచి మెదడులోకి సులువుగా చేరి అక్కడి హెచ్1ను కూడా మూసేస్తాయి. నీ ముక్కును కాపాడిన మాత్రే నీ మెలకువను ఆపింది. ఫెక్సోఫెనడిన్ వంటి కొత్త మందులు మెదడులోకి దాదాపుగా చేరవు కనుక వాటితో మత్తు చాలా తక్కువ. సెట్రిజిన్ కూడా పాతవాటికన్నా నయమే గాని, కొందరికి నిద్ర తెస్తుంది. అందువల్ల ఇంకొకరి మాత్ర వేసుకోకుండా డాక్టరుకు చూపించుకో. ఆ మత్తులో స్కూటీ మాత్రం నడపవద్దు.

ఎప్పుడైనా పెదవులు, నాలుక వాచి ఊపిరి అందకపోతే మాత్ర మింగి కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అప్పుడు ముందుగా కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్. ఈ మాట మీ గదిలోని అమ్మాయిలకు కూడా చెప్పు.

డాక్టరు రాసిచ్చిన చీటీ ఫోటో తీసి నాకు పంపు, చూస్తాను.

ఇట్లు,
నాన్న