యజమాని స్వేచ్ఛ సరే, కార్మికుడి సంగతేంటి?

సంపాదకులకు,

పది రోజుల కిందట యజమానుల స్వేచ్ఛ గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి ఇది రాస్తున్నాను. ఎవరో ఒకరు జవాబిస్తారులే అని ఇన్నాళ్లు ఆగాను. మెచ్చుకుంటూ రెండు లేఖలు వచ్చాయి తప్ప, అడగాల్సింది ఎవరూ అడగలేదు.

వ్యాసం చెప్పింది అందరికీ గుర్తుండే ఉంటుంది. డబ్బు పెట్టేది యజమాని, నష్టమొస్తే మునిగేదీ యజమానే. కాబట్టి ఎవర్ని పెట్టుకోవాలో, ఎవర్ని తీసేయాలో, ఎన్ని గంటలు పని చేయించుకోవాలో ఆయన ఇష్టమట. కార్మికుడు ఇష్టపడే సంతకం పెట్టాడు కదా, మధ్యలో ప్రభుత్వానికేం పని అని ప్రశ్న.

నేను ఇరవై ఆరేళ్లు ఒక ఫ్యాక్టరీలో హాజరు పుస్తకం రాశాను. ఎవరు ఏ షిఫ్టుకి వచ్చారు, ఎంత ఓటీ (అదనపు గంటల పని) చేశారు, ఎవరి జీతంలో ఎంత కోత పడింది, అన్నీ నా చేతి మీదుగానే పోయేవి. పన్నెండు గంటలు పనిచేసిన మనిషికి ఎనిమిది గంటలే వెయ్యమని పైనుంచి మాట వచ్చేది. ఆ మనిషి పుస్తకం చూసి, ఒకసారి నా ముఖం చూసి, సంతకం పెట్టేవాడు. పెట్టకపోతే రేపు గేటు దగ్గరే ఆపేస్తారు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆగవు కదా. అది ఇష్టపడి పెట్టిన సంతకం అంటే నేను ఒప్పుకోను. ఆ తప్పుడు అంకెలు వేసింది నా చెయ్యే. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఈ వాదన కొత్తదేం కాదు. బేకరీల్లో రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు మించి పని చేయించకూడదని న్యూయార్క్ రాష్ట్రం చట్టం తెస్తే, లాక్నర్ అనే బేకరీ యజమాని కోర్టుకెక్కాడు. 1905లో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి ఆ చట్టాన్ని కొట్టేసింది. ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ ఇద్దరికీ ఉంది, దానికి చట్టం అడ్డు వస్తోంది అంది. పిండి దుమ్ములో ఇంకో రెండు గంటలు నిలబడే స్వేచ్ఛ కావాలని ఏ కార్మికుడు అడిగాడు? ఆ కోర్టు దారి మార్చుకోవడానికి 1937 దాకా పట్టింది. హోటల్ గదులు శుభ్రం చేసే ఎల్సీ పారిష్ అనే ఆవిడ, వాషింగ్టన్ రాష్ట్రంలో ఆడవాళ్లకు పెట్టిన కనీస వేతనం ప్రకారం తనకు రావాల్సిన బాకీ అడిగి గెలిచింది.

నష్టమొస్తే మునిగేది యజమానే అన్నారు. కంపెనీ దివాలా తీస్తే వాటాదారుకి పోయేది పెట్టిన డబ్బు వరకే. అప్పులవాళ్లు అతని ఇంటి మీదికి రాలేరు. ఈ రక్షణ చట్టం ఇచ్చిందే. బ్రిటన్‌లో 1855లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. పెద్ద పరిశ్రమలు పెట్టే ధైర్యం దాంతో పెరిగింది, మంచిదే. దాన్ని ఎవరూ జోక్యం అనరు. కార్మికుడి పనిగంటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే చట్టం జోక్యం ఎలా అయింది?

చిన్న యజమానుల సంగతి వేరు. సొంత ఇల్లు తాకట్టు పెట్టి పదిమందికి పని ఇచ్చే మనిషికి టెన్షన్ ఎంత ఉంటుందో నాకు తెలుసు. ఒకే వివరం నాలుగు ఫారాల్లో నింపే బాధ అలాంటివాళ్లకు తప్పించాలి. ఆర్డర్లు లేనప్పుడు మనుషుల్ని తగ్గించుకునే వీలు కూడా ఉండాలి. వ్యాసంలో డెన్మార్క్ పేరెత్తారు, అక్కడ ఉద్యోగంలోంచి తీసేయడం సులువని. అది సగమే. పని పోయినవాళ్లకు అక్కడ భృతి ఉంది, కొత్త పని నేర్పే ఏర్పాటు ఉంది. జీతాలు ఎంతుండాలో బలమైన యూనియన్లు యజమానులతో కూర్చుని తేల్చుకుంటాయి. జర్మనీలో 2000 మందికి పైగా పనిచేసే కంపెనీల పర్యవేక్షక బోర్డుల్లో సగం సీట్లు ఉద్యోగుల ప్రతినిధులకు ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. ఇవేవీ వ్యాసంలో లేవు.

బంగ్లాదేశ్‌లోని రానా ప్లాజా సంగతీ లేదు. 2013 ఏప్రిల్ 23న ఆ భవనం గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులో బ్యాంకు ఉద్యోగుల్ని ఇంటికి పంపేశారు. మర్నాడు బట్టలు కుట్టేవాళ్లను మాత్రం లోపలికి రమ్మన్నారు. రాకపోతే నెల జీతం ఆపేస్తామని బెదిరించారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. ఆ రోజే భవనం కూలిపోయింది. 1,100 మందికి పైగా చనిపోయారు. వాళ్లకూ నచ్చకపోతే వేరే పని చూసుకోవచ్చు అనే చెబుతారా?

తనిఖీల వల్ల యజమానులు నలిగిపోతున్నారని కూడా రాశారు. నేను చూసిన అధికారులు ముందురోజు ఫోన్ చేసి మరీ వచ్చేవాళ్లు. ఆఫీసు గదిలో కూర్చుని, నేను రాసిన పుస్తకం తిరగేసి, సంతకం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. ఇరవై ఆరేళ్లలో ఒక్కరు కూడా మిషన్ దగ్గరికి వెళ్లి, నువ్వు ఎన్నింటికి వచ్చావయ్యా అని ఒక కార్మికుడిని అడగలేదు. ఇలాంటి తనిఖీతో నలిగేది నిజాయితీగా ఓటీ కట్టే యజమానే. పక్కవాడు ఎగ్గొట్టి తక్కువ ధరకు అమ్ముతుంటే ఆయన సరుకు ఎవరు కొంటారు?

చివరిగా మీ పత్రిక గురించి. ఒకప్పుడు మీకు కార్మిక వార్తలు రాసే విలేకరి ఉండేవారు. సమ్మె జరిగితే గేటు దగ్గరికి వచ్చి అందరితో మాట్లాడేవారు. ఇప్పుడు రోజూ వ్యాపారం పేజీ వస్తోంది, షేర్ల ధరలు వస్తున్నాయి. కార్మికుడి పేరు కనిపించేది ప్రమాదం జరిగిన రోజునే. ఆ వ్యాసానికి సగం పేజీ ఇచ్చారు. అంతే చోటు షిఫ్టుల్లో పనిచేసే ఒక మనిషికి ఇవ్వండి. రాయడం రాదంటే ఎవరినైనా పంపి, చెప్పింది చెప్పినట్టు రాయించండి. నేనైతే ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు