పోచంపల్లి నుంచి మా కస్టమర్లకు: కమీషన్లు ఆపేశాం, మగ్గం చూడటానికి టికెట్ పెట్టాం

నమస్తే.

మా దగ్గర చీరలు, డ్రెస్ మెటీరియల్, దుప్పట్లు కొంటున్న అందరికీ ఈ ఉత్తరం. ఈ శ్రావణం నుంచి మా షాపులో రెండు మార్పులు వచ్చాయి. టూరిస్టు బస్సులు, కార్లు తీసుకొచ్చే వాళ్లకు కమీషన్ ఇవ్వడం పూర్తిగా ఆపేశాం. మగ్గం చూడటానికి వచ్చే వాళ్ల దగ్గర మనిషికి 150 రూపాయలు తీసుకుంటున్నాం. చిన్న పిల్లలకు, బడి నుంచి వచ్చే విద్యార్థులకు ఏమీ లేదు.

టికెట్ సంగతి తెలిసి చాలామంది ఫోన్ చేశారు. "మగ్గం చూడటానికి కూడా డబ్బులా అన్నా? ఎప్పుడూ ఊరికే చూపించేవాళ్లు కదా" అన్నారు. ఆ ప్రశ్నకు ఫోన్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

మా ఊళ్లో నేసేవాళ్లలో ఎక్కువమందికి జీతం ఉండదు. పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు, నేసి దించితేనే కూలి. పట్టు పడుగు ఒకటి ఎక్కిస్తే ఆరేడు చీరలు వస్తాయి. దారం తెచ్చుకున్న రోజు నుంచి ఆఖరి చీర కోసే దాకా ఇంటిల్లిపాదీ నెలన్నర పైగా పని చేస్తారు. అందులో మగ్గం మీద గడిచేది ఒక భాగమే. పట్టు ఉడకబెట్టడం, చుట్టడం, ఆసు పోయడం, గీతలు గీసి చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టడం), రంగు అద్దడం, విప్పి మళ్లీ కట్టి ఇంకో రంగు వేయడం, ఆరబెట్టడం, కండెలు చుట్టడం, అచ్చు అతకడం (కొత్త పడుగు పోగులను మగ్గం మీది పాత పోగులకు కలపడం)... ఇవన్నీ అయ్యాకే నేత. రంగు ముందే దారానికి ఎక్కి ఉంటుంది కాబట్టి నేసేటప్పుడు ప్రతి పోగునూ దాని చోట కూర్చోబెట్టాలి. పోగు కొంచెం జరిగితే చిలుక ముక్కు వంకర పోతుంది, ఏనుగు కాలు విరిగినట్టు కనబడుతుంది. సవరించుకుంటూ నేయాలి, మనసు అక్కడే ఉండాలి.

అలాంటి మనిషి దగ్గరికి ఇరవై మంది ఒకేసారి వస్తారు. ఆయన లేచి నిలబడతాడు, నవ్వుతాడు, అన్నీ చూపిస్తాడు. మగ్గం గుంటలో ఒకరి తర్వాత ఒకరు కూర్చుని ఫోటోలు దిగుతారు. అరగంట, ముప్పావు గంట పోతుంది. సెలవు రోజుల్లో ఇలా నాలుగైదు బృందాలు వస్తే ఆ రోజు నేత సాగదు. కూలి పడుగు లెక్కన వచ్చేది కాబట్టి, మన సరదాకు ఆ ఇంటివాళ్లే ఖర్చు పెట్టుకున్నట్టు అవుతోంది. షాపులో చీర అమ్ముడుపోతే లాభం నాకు వస్తుంది, పని ఆగింది మాత్రం ఆయనది. ఈ లెక్క న్యాయంగా లేదని మా ఇంట్లో చాలాకాలంగా అనుకుంటూనే ఉన్నాం. ఇప్పుడు ఆ 150 రూపాయలు షాపు గల్లాలోకి రావు. సగం మగ్గం చూపించిన ఇంటికి, సగం ఆసు, చిటికి పని చూపించే ఆడవాళ్లకు. ఎవరికి ఎంత వెళ్లిందో పుస్తకంలో రాసి షాపు ముందు పెడుతున్నాం, ఎవరైనా తిరగేసి చూడవచ్చు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. ఊరు చూసి వెళ్లిన వాళ్ల ఫోన్లలో మగ్గం ఉంటుంది, నేసే మగమనిషి ఉంటాడు. ఆసు దగ్గర కూర్చున్న అక్క ఉండదు. మేకుల మధ్య పేక దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోయడమే ఆసు. చేత్తో చేస్తే ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించాలి. మా అమ్మ తరంలో భుజం నొప్పి లేని ఇల్లు లేదు. మా జిల్లాలోనే ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి బాధ చూడలేక ఆసు యంత్రం తయారు చేశారు, ఆమె పేరుతోనే దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు మీకు చూపించేటప్పుడు చేతి ఆసు, యంత్రం రెండూ చూపిస్తున్నాం. "యంత్రం వాడితే అది చేనేత ఎలా అవుతుంది?" అని కొందరు అడుగుతారు. చేనేత అంటే మగ్గం మీద చేత్తో నేసింది. దారం పోసే దగ్గర ఒక తల్లి భుజం బాగుపడితే చీర విలువ తగ్గదు. ఈ విషయంలో నాకు వేరే అభిప్రాయం లేదు.

ఇక కమీషన్. టూరిస్టు ఊళ్లలో ఉన్నదే, మా ఊళ్లోనూ ఉంది. బండి ఏ షాపు ముందు ఆగుతుందో ఆ షాపు, అమ్మకంలో నూటికి ఇంత అని బండి తెచ్చిన వాళ్లకు ఇస్తుంది. మేం నూటికి 15 ఇచ్చేవాళ్లం. పదివేల చీర మీద పదిహేను వందలు. అంత ఇవ్వాలంటే ధర చీటీ ముందే పెంచి రాయాలి, లేదా నేతన్న కూలి దగ్గర బిగబట్టాలి. రెండో పని మేం చేయం కాబట్టి ఆ భారం కొనేవాళ్ల మీద పడేది. బండి తోలే తమ్ముళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల బతుకులూ అంతంత మాత్రమే. వచ్చిన డ్రైవర్‌కు భోజనం, చాయ్ మా తరఫున ఎప్పటిలాగే ఉంటాయి. కమీషన్ పోయిన మేరకు చీరల ధరలు తగ్గించాం. పాత ఫోటోల్లో ఉన్న ధర చూసి ఆర్డర్ పెట్టకండి, కొత్త ధర అడగండి.

దీనివల్ల ఏమైందో కూడా దాచకుండా చెప్తాను. బస్సులు తగ్గాయి. మామూలుగా మా దగ్గర ఆగే కొన్ని బండ్లు ఇప్పుడు ఆగకుండా వెళ్లిపోతున్నాయి. ఆదివారం గిరాకీ బాగా పడిపోయింది. షాపు మీద బ్యాంకు లోన్ ఉంది, నెల నెలా కిస్తీ కట్టాలి, టెన్షన్ లేదని చెప్పను. అయితే సొంతంగా వెతుక్కుని వచ్చేవాళ్లు, మీలో ఒకరి మాట విని వచ్చేవాళ్లు పెరిగారు. వాళ్లు తీరిగ్గా కూర్చుంటారు, అడుగుతారు, ఒకటి కొన్నా తెలుసుకుని కొంటారు. సంక్రాంతి దాకా ఇలాగే నడిపి, అప్పుడు లెక్క చూసుకుంటాం. కమీషన్ మాత్రం మళ్లీ మొదలుపెట్టం. లెక్క కుదరకపోతే షాపు చిన్నది చేసుకుంటాం.

మా ఊరికి పేరు తక్కువ లేదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే గారు ఇక్కడికి వచ్చినప్పుడు భూమి లేని దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది, ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయింది. దారానికే ఇలా కట్టి రంగులు వేసి నేసే మా ఇక్కత్‌కు జీఐ, అంటే ఈ ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మొదటిసారి ఉత్తమ పర్యాటక గ్రామాలను ఎంపిక చేస్తే, ప్రపంచం మొత్తం మీద 44 ఊళ్లలో మాది ఒకటి. 2023 డిసెంబర్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారు వచ్చారు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలు వచ్చి మగ్గాలు చూశారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ కొన్ని వారాలు ఫోన్లు ఆగవు. ఆ తర్వాత మళ్లీ మామూలే. గుర్తింపు వచ్చినందుకు మాకు గర్వంగానే ఉంది. కానీ ఆ పేరు చూసి వచ్చినవాళ్లు ఊళ్లో ఎంతసేపు ఉన్నారు, ఎన్ని ఇళ్లలో నాలుగు రూపాయలు పెట్టి వెళ్లారు అన్నదే నేను చూసేది.

అక్కడే మాకు చిక్కు. హైదరాబాద్ దగ్గర కావడం మా అదృష్టమని అందరూ అంటారు. విజయవాడ హైవే మీద రామోజీ ఫిల్మ్ సిటీ దాటి లోపలికి తిరిగితే వచ్చేస్తాం. దగ్గర కాబట్టే ఎవరూ ఉండరు. పదకొండింటికి దిగుతారు, వినోబా మందిరం ముందు ఫోటో, ఒక మగ్గం, ఒక షాపు, ఒంటిగంటకల్లా బండెక్కి భోజనానికి హైవే మీది హోటల్‌కు వెళ్తారు. ఊళ్లో అన్నం వండే అక్కకు, చాయ్ బండి తమ్ముడికి, ఆటో నడిపే పిల్లగాడికి ఏమీ మిగలదు. ఇంకో మాట, చెప్పడానికి చిన్నదే కానీ పెద్దది: బాత్రూం. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉన్న బస్సు శుభ్రమైన బాత్రూం ఉన్న చోటే ఆగుతుంది. పెద్ద పెద్ద బోర్డులు పెట్టే ముందు ఊరూరా ఈ ఏర్పాటు చూడాలి. మేం షాపు వెనక ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరుగా కట్టించాం, నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. మా దగ్గర కొన్నా కొనకపోయినా వాడుకోవచ్చు. పక్క షాపుకు వచ్చినవాళ్లయినా సరే.

భోజనానికి కూడా ఏర్పాటు చేశాం. ఒకరోజు ముందు ఫోన్ చేస్తే మా వీధిలో ఇద్దరు అక్కలు వాళ్ల ఇంట్లోనే వండి పెడతారు. అన్నం, పప్పు, రెండు కూరలు, పచ్చి పులుసు, పెరుగు. జొన్న రొట్టె కావాలంటే ముందే చెప్పాలి. డబ్బులు నేరుగా వాళ్లకే ఇవ్వండి. మధ్యలో మేం లేం. 

వచ్చేటప్పుడు ఆదివారం కాకుండా మామూలు రోజు చూసుకోండి. పొద్దున తొమ్మిదికల్లా వస్తే రంగు అద్దడం చూడొచ్చు. వానలు గట్టిగా పడే రోజుల్లో గుంట మగ్గాల్లోకి తేమ ఊరుతుంది, పడుగు ఆరదు, అప్పుడు నేత చూపించలేకపోవచ్చు. ముందే కనుక్కుని బయలుదేరండి. ఒక పూట ఎక్కువ ఉంటే కొయ్యలగూడెం వెళ్లండి, అక్కడ నూలు ఇక్కత్ దుప్పట్లు, గుడ్డలు బాగుంటాయి. నారాయణపురం వైపు పుట్టపాక ఉంది. తేలియా రుమాల్ అక్కడిదే. ఆముదం కాయల బూడిద, నూనె కలిపి దారానికి పట్టిస్తారు, కొత్త గుడ్డ వాసన చూస్తేనే తెలుస్తుంది. 2020లో దానికి విడిగా జీఐ వచ్చింది. అది మా దగ్గర దొరకదు, అక్కడే నేసినవాళ్ల దగ్గర కొనండి. యాదగిరిగుట్టకు వెళ్లేవాళ్లు దర్శనం చేసుకుని అటునుంచి అటే హైదరాబాద్ వెళ్లిపోతారు. గుట్ట, భువనగిరి కోట, పోచంపల్లి మూడూ ఒకే జిల్లా. ఒక రాత్రి ఈ చుట్టుపక్కల ఉండేలా వస్తే అందరికీ పని దొరుకుతుంది.

ఇక నకిలీల మాట. ఇక్కత్ డిజైన్‌ను గుడ్డ మీద అచ్చు వేసి పోచంపల్లి పేరుతో అమ్ముతున్నారు. సాంచెల (పవర్‌లూమ్‌ల) మీద దించినవీ వస్తున్నాయి. నగరాల్లోనే కాదు, మా ఊరి పేరు చెప్పుకునే చోట కూడా కనబడుతున్నాయి. మా కడుపు కొట్టేది ఇదే. అచ్చు వేసిన గుడ్డను తిరగేస్తే వెనకవైపు రంగు వెలిసినట్టు ఉంటుంది, డిజైన్ అంచులు గీత గీసినట్టు సూటిగా ఉంటాయి. దారానికి రంగు వేసి నేసిన దాంట్లో రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచుల్లో రంగు కొంచెం పక్కకు జారినట్టు కనిపిస్తుంది. కట్టు దగ్గర రంగు అలా పాకుతుంది, అది లోపం కాదు. దాన్ని చూపించి ధర తగ్గించమని అడగకండి. పోగులు తెగిపోయినా, జరీ ఊడినా, రంగు దిగినా మాత్రం నిస్సందేహంగా వెనక్కి పంపండి, మార్చి ఇస్తాం.

ఊళ్లో మా కంటే చిన్నవాళ్లు మగ్గం ఎక్కడం లేదు. మా తమ్ముడి కొడుకు డిగ్రీ చదివి హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తున్నాడు. నేతలో కంటే అక్కడ నెలకు ఎక్కువ వస్తుంది, అందుకని తప్పు పట్టలేను. పోయిన నెల వచ్చి రెండు రోజులు ఉండి, వచ్చినవాళ్లకు డబుల్ ఇక్కత్ (పడుగుకూ పేకకూ రెండిటికీ కట్టి రంగు వేసేది) ఎలా కడతారో వాడే ఇంగ్లిష్‌లో, హిందీలో వివరించాడు. ఆ పనికి వాడికీ డబ్బులు ఇచ్చాం. వారానికి రెండు రోజులు ఈ పనికి వస్తానంటున్నాడు. ఊళ్లో ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. చూపించే పనికి డబ్బులు వస్తాయంటే, నేర్చుకునే పనికి కూడా కూర్చుంటారని నా ఆశ.

చివరిగా ఆర్డర్ల సంగతి. బతుకమ్మ, దసరా చీరలకు వినాయక చవితి దాకానే కొత్త డిజైన్లు తీసుకుంటాం. ఆ తర్వాత మగ్గం మీద ఉన్నవే. ముదురు ఆకుపచ్చ, గుమ్మడిపువ్వు రంగు కలిపి అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ పడుగుకు రంగు వేయడం అయిపోయింది, చిటికి విప్పుతున్నారు. అమెరికా, దుబాయ్‌లో ఉన్నవాళ్లు మీ అమ్మానాన్నలను పంపిస్తే చీర వాళ్ల చేతికే ఇస్తాం, మగ్గం టికెట్ వాళ్లకు అక్కర్లేదు. పెళ్లి చీరలకు కనీసం మూడు నెలల ముందు చెప్పండి. తొందర పెడితే ఎవరో ఒకరు రాత్రిపూట కూర్చుని నేయాలి, ఆ పని మేం చేయించం.