స్లీప్ టెస్ట్ మిషన్ కోసం ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో రాత్రంతా కొలిచే స్లీప్ టెస్ట్ మిషన్ కోసం మా చెవి, ముక్కు, గొంతు విభాగం పంపిన ఇండెంట్ (కావాలని కోరే కాగితం) సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. గుర్తు చేస్తూ రాసిన ఉత్తరాలూ మీ దాకా వచ్చే ఉంటాయి. జవాబు లేదు కాబట్టి ఈసారి నలుగురూ చూసేలా రాస్తున్నాను. ఇలా రాస్తే మెమో వస్తుందని తోటి డాక్టర్లు భయపెడుతున్నారు. రానివ్వండి సార్, ఇన్నాళ్లకు పైనుంచి వచ్చిన మొదటి జవాబు అదే అవుతుంది.

ముక్కు జబ్బులకూ, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియాకూ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తానని ప్రతిపాదన పెట్టుకున్నవాణ్ని నేను. ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది. పేషెంట్లను వెతుక్కునే పని అసలే లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఊక దుమ్ము పీల్చే హమాలీలు, విజయవాడ హైవే మీద రాత్రిళ్లు లారీలు తోలే డ్రైవర్లు ముక్కు మూసుకుపోయిందని ఓపీకి వస్తూనే ఉంటారు. చూస్తే ముక్కు దూలం (రెండు రంధ్రాల మధ్య గోడ) వంకరో, కండ పెరగడమో, ఎలర్జీయో ఉంటుంది. గురక సంగతి వాళ్లు చెప్పరు, పక్కనున్న భార్య చెబుతుంది. "రాత్రి ఊపిరి ఆగుతది సారూ, తట్టి లేపితేనే మళ్ల తీస్తడు" అంటూ ఫోన్‌లో తీసిన వీడియో చూపిస్తుంది. వీడియో చూసి వైద్యం చేయలేను కదా.

"ముక్కు ఆపరేషన్ చేసేయండి, గురక అదే పోతుంది, మిషన్ దేనికి?" అని ఒక పెద్ద అధికారి నన్నడిగారు. ముక్కు మూసుకుపోతే మనిషి నోటితో ఊపిరి తీస్తాడు, దవడ వెనక్కి జారి నాలుక గొంతుకు అడ్డం పడుతుంది, నిజమే. కానీ దారి మూసుకుపోయేది గొంతులో. దూలం ఒక్కటే సరిచేస్తే చాలామందికి ఆప్నియా పెద్దగా తగ్గదని పరిశోధనల్లో తేలింది. ముక్కు తెరుచుకుంటే జరిగే అసలు మేలు వేరు: మాస్కు ద్వారా గాలి పంపి గొంతు దారి మూసుకుపోకుండా ఉంచే సీపాప్ మిషన్ తక్కువ ఒత్తిడితో పనిచేస్తుంది, మాస్కు పెట్టుకుని మనిషి పడుకోగలుగుతాడు. ఎవరికి ఆపరేషన్, ఎవరికి సీపాప్, ఎవరికి రెండూ కావాలో టెస్ట్ చేయనిదే ఎలా చెప్పను? ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగడమో, బాగా తగ్గడమో గంటకు ఎన్నిసార్లు జరుగుతోందో లెక్కపెట్టాలి. 5 దాటి, పగలు కునికిపాట్లు కూడా ఉంటే జబ్బు. 30 దాటితే తీవ్రం. ఆ లెక్క మా పీజీ పిల్లలు మంచం పక్కన కూర్చుని వేళ్ల మీద వేయాలా సార్?

అందుకని హైదరాబాద్‌కు రిఫర్ చేస్తాను. రాత్రంతా అక్కడ ఉండి చేయించుకోవాల్సిన టెస్ట్. ఆయన కూలి పోతుంది, తోడు వెళ్లినావిడ కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. ప్రైవేటులోనైతే వేలల్లో ఖర్చు. ఎక్కువమంది వెళ్లరు. చీటీ జేబులో పెట్టుకుని మళ్లీ లారీ ఎక్కుతారు. వైద్యం అందని ఆప్నియా బీపీ పెంచుతుంది, గుండె లయ తప్పిస్తుంది, కూర్చున్నచోటే కునుకు పట్టిస్తుంది. వీళ్లు కూర్చునేది స్టీరింగ్ ముందు. తర్వాత 'డ్రైవర్ నిద్రమత్తే కారణం' అని పేపర్లో వస్తుంది. ఆ నిద్రమత్తుకు కారణమేంటో ఎవరూ అడగరు.

ఆస్ట్రేలియాలో కాలిన్ సలివాన్ ముక్కు ద్వారా గాలి పంపి ఈ జబ్బును అదుపు చేయవచ్చని 1981లోనే చూపించాడు. ఆయన మన దగ్గర పుట్టి ఉంటే ఆ గాలి మోటారుకు మూడు కొటేషన్లు తెమ్మనేవాళ్లు.

మా నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ బాధితుల వంగిన కాళ్లు ఫొటోల్లో కనిపించేవి, అయినా నాయకులు కదలడానికి ఏళ్లు పట్టింది. నిద్రలో ఆగే ఊపిరి ఫొటోలో కూడా పడదు. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు, సంతోషం. ఆ పది లక్షల్లోంచి ఒక హమాలీ ఇంటికి సీపాప్ మిషన్ ఎలా చేరాలో కూడా దయచేసి మీరే చెప్పండి.

మిషన్ ఇప్పించండి సార్. దాన్ని నడిపే టెక్నీషియన్‌ను ఇవ్వండి, లేదంటే అది అట్టపెట్టెలోనే ఉంటుంది. పరిశోధన ఫైల్ కదిలించండి. ఏదీ కుదరదంటే కుదరదనైనా రాసి పంపండి. ఆ కాగితం ఓపీ గోడకు అంటించుకుంటాను, వీడియోలు పట్టుకొచ్చే ఆడవాళ్లకు చూపించడానికి పనికొస్తుంది.

ఇట్లు,
మీ శాఖలోని ఒక ఈఎన్‌టీ డాక్టర్,
ఉమ్మడి నల్లగొండ జిల్లా
(పేరు కావాలంటే ఇండెంట్ మీద సంతకం ఉంది.)